తాతయ్య ధైర్యం ఒకటి

గీలాంగ్,
4 ఫిబ్రవరి 1988.

పెన్‌గార్త్ చరిత్ర సంఘం కార్యదర్శి కుమారి థెల్మా నాంకివెల్ గారికి నమస్కారాలు.

నా పేరు క్లైవ్ ఆస్ట్లర్. పగలంతా ఉన్ని గిడ్డంగిలో గుమాస్తా పని. మిగతా వేళల్లో పాత పోరాటాలను కార్డులతో ఆడే ఆటలుగా మలుస్తుంటాను. పదకొండేళ్ళుగా ఇదే పిచ్చి. ఇన్నాళ్ళకి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. 1878లో సమ్మె కట్టిన మీ ఊరి రాగి గని కార్మికులకీ, అడిలైడ్ నుంచి వచ్చిన పోలీసులకీ మాగ్‌పై గుట్ట మీద జరిగిన పోరే ఈ ఆట. ఒక్కడూ చావని పోరుని ఆటగా మలచడం ఎంత కష్టమో చేసేవాడికే తెలుస్తుంది.

చేత్తో గీసిన కార్డులు పంపుతున్నాను. ఒక్కో కార్డు మీద ఒక్కో మనిషి, కింద అతని ధైర్యం అంకె. కార్మిక నాయకుడు ఎలిషా నాంకివెల్ మీ తాతగారని విన్నాను. పేర్లూ తేదీలూ సరిచూడండి. సంఘం దగ్గరున్న గుట్ట పటం అచ్చు వేసుకోనిస్తే రుణపడి ఉంటాను. ఆ పటం లేకపోతే ఆట లేదు.

భవదీయుడు,
క్లైవ్ ఆస్ట్లర్

తా.క.: కార్డులు ఒకే ఒక ప్రతి. దయచేసి వాటిమీద టీ కప్పు పెట్టకండి.

---

పెన్‌గార్త్,
15 ఫిబ్రవరి.

ఆస్ట్లర్ గారికి థెల్మా నాంకివెల్ శుభాకాంక్షలు.

మీ కార్డులు చూసి కళ్ళు చెమర్చాయి. మా తాతయ్యది ధైర్యంలో ఒకటో స్థానం! నూట పది సంవత్సరాల తర్వాతైనా లోకానికి తెలిసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో అందరి ముందూ నిలబడి ఆ కార్డు పైకెత్తి చూపించాను. చప్పట్లు కొట్టారు.

మా పక్కింటి లెన్ హాకింగ్, కసాయి కొట్టు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, ముఖం మాడ్చుకున్నాడు. వాళ్ళ తాత అబ్సలోమ్ ఆరోజు పోలీసులకి నాయకుడు. ఆయనకి ఐదు వచ్చింది. "పోనీలే లెన్, మొదటి ఐదుగురిలో ఉన్నాడుగా" అని ఓదార్చాను. "ఓదార్పులు చాల్లే, థెల్మా" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పటం సంతోషంగా ఇస్తాం.

ఇట్లు, గర్వంతో,
థెల్మా నాంకివెల్

తా.క.: గని బండి లాగిన డచెస్ అనే గుర్రానికి రెండు వచ్చింది. రెండో స్థానం గుర్రానికా? ఎంత మంచి గుర్రమైనా మనుషులు నొచ్చుకుంటారు కదా.

---

గీలాంగ్,
22 ఫిబ్రవరి.

నాంకివెల్ గారికి, చాలా సంకోచంతో.

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. అమ్మా, అవి స్థానాలు కావు. ధైర్యం ఒకటి నుంచి ఆరు దాకా. ఆరు ఎక్కువ. ఒకటి... ఆరు కాదు.

ఆట ఇదీ: ఎదుటివాడు తుపాకుల కార్డు వేస్తాడు. దాని అంకె కన్నా ధైర్యం తక్కువున్నవాడు గుట్ట దిగిపోతాడు. లేదంటే నిలబడతాడు. నాయకుడు ఏం చేస్తే వెనకున్నవాళ్ళూ అదే చేస్తారు. నిలబడ్డవాళ్ళకి తూటాలు తగలొచ్చు. ఆనాటి పత్రికలో, మొదటి కాల్పులు గాల్లోకి పేలగానే "నాంకివెల్ అందరికన్నా ముందు గుట్ట అవతలివైపు దిగెను" అని ఉంది. నేను కల్పించిందేమీ లేదు.

క్షమాపణలతో,
క్లైవ్ ఆస్ట్లర్

తా.క.: గుర్రం సంగతి అడిగారు. అది కదల్లేదట.

---

పెన్‌గార్త్,
1 మార్చి.

ఆస్ట్లర్ గారికి (గారు అన్నది నా పెంపకం వల్ల).

మీ ఉత్తరం నాకంటే ముందు లెన్‌కి అర్థమైంది, ఎందుకంటే పైకి చదవమన్నది నేనే, కళ్ళజోడు దొరక్క. చదివి, మడిచి, బల్లమీద పెట్టి, "మొదటి ఐదుగురిలో ఉన్నాడుగా మా తాత" అన్నాడు. మర్నాడు మా గుమ్మంలో మాంసం కూరిన వేడి పాస్టీ ఒకటి పెట్టి వెళ్ళాడు. చీటీ కూడా: "నాంకివెల్ వంశానికి. పరిగెడుతూ కూడా తినొచ్చు." పాస్టీ బాగానే ఉంది. అది వేరే సంగతి.

హాల్లో మళ్ళీ నిలబడి నా చప్పట్లు నేనే వాపసు ఇచ్చుకున్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి అది ఎలా ఉంటుందో మీ అంకెల్లో చెప్పగలరా?

మా నాన్న చెప్పేవాడు: తాతయ్య దిగింది మందుగుండు తేవడానికని. తాతయ్యకి నాలుగు ఇవ్వండి. లేకపోతే పటం లేదు.

థెల్మా నాంకివెల్

తా.క.: గుర్రానికి రెండు, మా తాతయ్యకి ఒకటి! కనీసం ఇద్దరినీ సమానం చెయ్యాలన్న ఇంగితం ఉండక్కర్లా?

---

గీలాంగ్,
9 మార్చి.

నాంకివెల్ గారికి.

సరేనమ్మా. నాలుగు. పదకొండేళ్ళ కష్టం ఒక అంకె దగ్గర ఆగిపోవడం నాకిష్టం లేదు.

ఒక్కటే షరతు. అంకె మార్చినప్పుడల్లా ఆటని నలభైసార్లు ఆడి చూడాలని మా నియమం. నాకు వ్యవధి లేదు. కొత్త కార్డులు పంపుతున్నాను. కార్మికుల పక్షం మీరు తీసుకోండి. పోలీసుల పక్షం ఎవరికైనా ఇవ్వండి. ప్రతి ఆట ఫలితం రాసి పంపండి.

భవదీయుడు,
క్లైవ్ ఆస్ట్లర్

తా.క.: గుర్రానికి వారసులెవరూ ఉత్తరాలు రాయలేదు కనుక దాని రెండు దానిదే.

---

పెన్‌గార్త్,
18 ఏప్రిల్.

అబ్బాయ్ క్లైవ్,

నలభై ఆటలూ అయ్యాయి. పోలీసులుగా లెన్ తప్ప ఎవరూ రాలేదు. భోజనాల బల్లమీద రోజూ రెండేసి ఆటలు.

మొదటి ఆటలో తుపాకుల కార్డు పడింది, మూడు. తాతయ్య నిలబడ్డాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. తర్వాతి కార్డుకి తాతయ్య పోయాడు, ఆయనతో ఇంకో పదకొండుమంది.

"పొరపాటున పడింది" అన్నాడు లెన్. ఇంకో ఆట ఆడాం. అందులో పద్నాలుగుమంది. చనిపోయినవాళ్ళ కార్డులు ఒక పక్కన పేర్చాం. అందులో బాసెట్ ఉన్నాడు, వాళ్ళ మునిమనవరాలు మాకు పాలు పోస్తుంది. యూరెన్ ఉన్నాడు, వాళ్ళ మునిమనవడు మా పోస్టుమాస్టరు. పదో ఆటకి లెన్ గెలిచినా నవ్వడం మానేశాడు. ఇరవయ్యో ఆటలో తుపాకుల కార్డు చేతిలో పట్టుకుని ఎంతసేపటికీ వెయ్యలేదు.

"వెయ్యి లెన్."

"వెయ్యను. నువ్వే దిగిపోరాదూ?"

"నాలుగు కదా. దిగలేను."

నలభై ఆటల్లో తాతయ్య ముప్పై ఒక్కసార్లు చనిపోయాడు. గుట్ట మీద గొడవ ఆగస్టులో. మా నాన్న పుట్టింది ఆ మరుసటి జూలైలో. అంటే నలభైలో ముప్పై ఒక్కసార్లు నేను లేను. ఈ సంగతి లెన్‌కి చెబితే, "మరి టీ ఎవరు పెడతారు?" అన్నాడు. లేచి తనే పెట్టాడు.

తాతయ్య మందుగుండు కోసం దిగలేదు క్లైవ్. భయపడి దిగాడు. ఆయన్ని చూసి అందరూ దిగారు. అందుకే ఎవరూ చావలేదు. ఒకటి మళ్ళీ పెట్టెయ్.

ఇట్లు, ఇంకా ఉన్న
థెల్మా

తా.క.: కార్డుల మీద టీ ఒలికింది. అది లెన్.

---

గీలాంగ్,
26 ఏప్రిల్.

థెల్మా గారికి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ నా ఇబ్బంది కూడా వినండి. నాలుగు పెట్టాక ఇక్కడి మిత్రులు ఆట వదలడం లేదు. ఒకటి పెడితే మూడో కార్డుకే గుట్ట ఖాళీ. గుట్ట పట్టుకున్నవాడే గెలిచినట్టు కాబట్టి పోలీసులదే గెలుపు. అలాంటి ఆట ఎవరు ఆడతారు? వచ్చే నెల పదిహేనుకి అచ్చుకి వెళ్ళాలి. నాలుగే ఉండనివ్వండి, దయచేసి.

క్లైవ్

తా.క.: మీరు కోరిందే కదా, అమ్మా!

---

పెన్‌గార్త్,
7 మే.

అబ్బాయ్ క్లైవ్,

గుట్ట పట్టుకున్నవాడు గెలిచినట్టని ఎవరన్నారు? ఆ గుట్ట మీద రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏమీ లేవు. మేం నియమం మార్చాం. పొద్దుగుంకేసరికి ఎవరి మనుషులు ఎక్కువమంది ఇళ్ళకి చేరి భోజనానికి కూర్చుంటారో వాళ్ళదే గెలుపు. గుట్ట దిగినవాడే ఇంటికి చేరతాడు. తాతయ్యకి ఒకటే పెట్టాం. ఆయన దిగడం తేలికే. ఆయన వెనక కాక ముందు నిలబడ్డ, మూడులూ నాలుగులూ ఉన్న మొండివాళ్ళని దింపడమే తమాషా. హాల్లో పెట్టి ఆడాం, ఊరంతా మూగింది. ఇప్పుడు ఒక్కో ఆట రెండు గంటలు పడుతోంది. ఆడి చూసి, నచ్చితే అచ్చు వేసుకో. పటం ఈ కవరులోనే ఉంది. నచ్చకపోయినా ఉంచుకో.

చిక్కల్లా లెన్‌తో. వాళ్ళ తాతకి ఐదు. ఏ కార్డు వేసినా దిగడు. శత్రువులంతా ఇళ్ళకి పోయి సూపు తాగుతుంటే ఖాళీ గుట్ట మీద తుపాకీ పట్టుకుని నిలబడే ఉంటాడు. వెనకున్న పోలీసులూ నిలబడే ఉంటారు. లెన్ వరసగా పదకొండు ఆటలు ఓడిపోయాడు. నిన్న కార్డులు బల్లమీద కొట్టి, "ఈ వెధవ మా తాత అయ్యుండడు!" అని అరిచాడు.

అందుకే జతచేసిన అర్జీ. హాల్లో అందరూ సంతకాలు పెట్టారు, తమ తమ తాతల పేర్ల ఎదురుగా. మొదటి సంతకం లెన్‌ది. ధైర్యం తగ్గించమని. అందరికీ ఒకటే కావాలట.

ప్రేమతో,
థెల్మా

తా.క.: లెన్ తనే ఇక్కడ రెండు ముక్కలు రాస్తానంటున్నాడు: "అయ్యా, మా తాత కూడా మొదటి కాల్పులకే పారిపోయినట్టు మా అమ్మ చెప్పిన జ్ఞాపకం. సాక్ష్యం లేదు. కావాలంటే నేనే రాసి పంపుతాను. ఎల్. హాకింగ్."