ఆకుపచ్చ రవికగుడ్డలోని అరవై వేలు

మార్చి 4, మంగళవారం
తమ్ముడు ఆంజనేయులు కువైట్ డ్రైవరు వీసాకని ఏజెంటు శివరాజ్‌కు కట్టిన లక్షా ఇరవై వేలు, వీసా రానందుకు, తిరిగి రాబట్టడానికి మళ్ళీ రాయచూరు. ఆఫీసుకు తాళం. వీసాకని అంత వసూలు చేయడమే చట్టవిరుద్ధమని ఠాణాలో ఎస్సై అన్నాడు. రసీదు చూపాను. 'టికెట్టు ఖర్చులు' అని మాత్రమే ఉంది, వీసా మాట లేదు.
ఆ డబ్బు కోసం పెట్టిన కుదువ ఉగాదిలోగా విడిపించకపోతే తమ్ముడి రెండెకరాల్లో ఈ ఏడు షావుకారే విత్తనం వేస్తాడు.

మార్చి 7
దుకాణంలో పత్తి తూకాలు రాస్తుండగా శివరాజ్ ఫోను. "పోలీస్ గీలీస్ ఎందుకన్నా... మనం మనం. సోమవారం రా, సగం ఇస్త."
నా భార్య సుజాతకు చెబితే నవ్వింది. "సగమిస్తడంట! వాడు సగం చాయ్ గూడ తాపియ్యడు."

మార్చి 10, సోమవారం
శివరాజ్ ఆఫీసు బెంచీ మీద నా పక్కన ఒక స్త్రీ. ఊరు ఇడపనూరట, పేరు తాయమ్మ. ఒడిలో ఆకుపచ్చ రవికగుడ్డ మూట. "మా ఆయన వీసా కోసం అన్నా. పైసలు దేవుని కాడ పెట్టి, పసుపుకొమ్ము గూడ కట్టి తెచ్చిన. నీది గూడ వీసానేనా?"
జవాబు చెప్పేలోగా ఆమెను లోపలికి పిలిచారు. నవ్వుతూ వచ్చింది, వట్టి చేతులతో. తరువాత నేను.
శివరాజ్ సొరుగు లాగాడు... అదే ఆకుపచ్చ గుడ్డ. నా ఎదుటే ముడి విప్పాడు. పసుపుకొమ్ము పక్కన పెట్టి నోట్లు నా వైపు తోశాడు. "లెక్క పెట్టుకో అన్నా. అరవై."
లెక్కపెట్టాను. సంతకం చేశాను.
బయట ఆమె లేదు. నా వేళ్ళకు పసుపు.

మార్చి 11
జరిగింది సుజాతకు చెప్పాను.
ఆమె నోట్లను తిప్పి తిప్పి చూసింది. తరువాత — "పోయి చెప్పి రా. పైసలైతే ఇయ్యకు."

మార్చి 12
డబ్బు తీసుకునే ఇడపనూరు వెళ్ళాను. తాయమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. జరిగిందంతా వరుసగా చెప్పాను. తమ్ముడి రసీదు చూపాను. నోట్లు మంచం మీద పెట్టాను.
ఆమె ముట్టలేదు.
"నీ తమ్మునికి నసీబ్ లేదు. మా ఆయన పని ఎందుకు ఖరాబ్ చేస్తవ్? ఇవి వాపస్ తీసుకుంటే శివరాజన్న వీసా ఆపెయ్యడా?"
వీసానే లేదమ్మా, అన్నాను.
"లేకుంటె పాస్‌పోర్టు ఎందుకు తీసుకున్నడు? ఎల్లుండి మిగిలిన అరవై గూడ కడ్తున్న. ఏడ్వకు అన్నా, వేరేటోళ్ళ బాగు చూసి."
పాస్‌పోర్టు కూడా...!
నోట్లు తీసి నా సంచిలో తానే వేసింది. చెంబుతో నీళ్ళిచ్చింది. "ఎండ ఉంది. తాగి పో."
తాగాను.

మార్చి 13, గురువారం
తాయమ్మ మళ్ళీ కట్టేలోగా చెబుదామని వెళితే ఠాణాలో ఎస్సై లేడు. బందోబస్తుకు వెళ్ళాడట, సోమవారం దాకా రాడట.
సాయంత్రం శివరాజ్ ఫోను. చాలా హుషారుగా ఉన్నాడు. "రేపు పొద్దుగాల్ల రా అన్నా. మిగిలిన సగం గూడ వస్తుంది, ఖలాస్ చేద్దాం."
సరే, అన్నాను. ఎలా అన్నానో తెలియదు... అన్నాను.