యూ మీద రెండు చుక్కలు

మే 6, 2003. మంగళవారం. బాపట్ల.

రేపల్లె నుంచి రిబ్కా ఫోన్ చేసింది. మిషన్ వాళ్ళ వృద్ధాశ్రమంలో సిస్టర్ హెడ్విగ్‌ని కనిపెట్టుకుని ఉండే మనిషి. సిస్టర్ తెల్లవార్లూ టూరు, టూరు అని కేకలు పెడుతోందట. ఎక్కడికో ప్రయాణం కడుతోందండి అమ్మగారూ, లేచి వెళ్ళిపోతుందేమోనని బయట గడియ పెట్టేస్తున్నాం అంది. నెత్తి కొట్టుకున్నాను. అది టూరు కాదే తల్లీ, జర్మన్‌లో తలుపు అని చెప్పాను. గాలాడక తలుపు తియ్యమని ఆవిడ మొత్తుకుంటే వీళ్ళు గడియ వేసి కాపలా కూర్చున్నారు.

సిస్టర్‌కి ఎనభై ఎనిమిది. నడివయసు రాకముందే మిషన్ నర్సుగా రేపల్లె వచ్చి, పురుళ్ళు పోస్తూ సగం ఊరిని తెలుగులో తిట్టి తిట్టి భూమ్మీదకి తెచ్చింది. నా పిల్లలిద్దర్నీ ఆవిడే తీసింది. ముందు ముక్కు, అరుపు తర్వాత అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది. జనవరిలో పక్షవాతం వచ్చి తెలుగూ ఇంగ్లీషూ తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది చిన్నప్పటి జర్మన్, అదీ నాలుగు ముక్కలు. చెవులు ముందే పోయాయి. చూపు మాత్రం నాకంటే నయం.

నా జర్మన్ వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు కెమిస్ట్రీ జర్నల్స్ కోసం నేర్చుకున్నది. బెంజీన్ గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. కాలు నొప్పా అని అడగాలంటే డిక్షనరీ వెతుక్కోవాలి.

ఆశ్రమం కమిటీ సెక్రటరీ ఆవిడని విశాఖ పిచ్చాసుపత్రికి పంపాలంటున్నాడు. 22న గుంటూరు నుంచి డాక్టర్ వెంకట్రామయ్య వచ్చి చూస్తాడట. మతి లేదని ఆయన కాగితం రాస్తే ఆవిడ వెళ్ళిపోయినట్టే. ఆవిడకి మాట పోయింది, మతి ఉంది. సెక్రటరీ సంగతి తిరగేసి.

మే 7.

ఒక చార్ట్ చేయిస్తాను. ఎడమవైపు జర్మన్, కుడివైపు తెలుగు. ఆవిడ వేలు పెడుతుంది, రిబ్కా చదువుకుంటుంది. దాహం, వీపు, కాళ్ళు, తలుపు, ఉక్క. ముసలితనంలో మనిషికి కావలసిన మాటలన్నీ ఒక పేజీలో సరిపోయాయి. రాసి చూసుకున్నాక నాకే నీరసం వచ్చింది.

మే 9. తెనాలి వెళ్ళొచ్చాను.

చౌకు వెనక సందులో రహమతుల్లా ప్రెస్. అంతా శుభలేఖలే. చార్ట్ చూసి, జర్మనీ సంబంధమాండి మేడమ్ అన్నాడు. అవును, పెళ్ళికూతురికి ఎనభై ఎనిమిది అన్నాను. అప్పుడు కుర్చీ వేశాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని పేజ్‌మేకర్‌లో అక్షరాలు కొట్టేది ఆయన తమ్ముడి కూతురు నాజ్నీన్. తెలుగు కళ్ళు మూసుకుని కొడుతుంది. ఈ u మీద రెండు చుక్కలు కావాలన్నాను. ఎందుకండి అంది. అవి లేకపోతే వేరే మాట అయిపోతుందన్నాను. కాసేపు ఆలోచించి, ఒక కోలన్ కొట్టి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, మెల్లగా జరిపి u నెత్తిన పెట్టింది. నిజంగానే ü అయింది! ఇద్దరం మురిసిపోయాం. తర్వాత అక్షరాలు పెద్దవి చేసింది. u పెరిగింది. చుక్కలు ఎక్కడివక్కడే ఉండి దాని పొట్టలోకి దిగాయి.

మే 10.

మనవరాలు బిందుమాధవికి ఫోన్ చేశాను. అమ్మమ్మా, Alt నొక్కి పట్టుకుని 0252 కొట్టించు, కుడిపక్క అంకెలే కొట్టాలి, పైవరస కొడితే రాదు అంది. ä కి 0228, ö కి 0246 అని కూడా చెప్పింది. ఒక అక్షరానికి నాలుగంకెలు. పోనీలే, మనవాళ్ళు క్షకారానికి ఎంత కష్టపడలేదు.

మే 12. సోమవారం. తెనాలి.

0252 పనిచేసింది. నాజ్నీన్ కుర్చీలోంచి లేచి పెదనాన్నని పిలిచి చూపించింది. ఆయన వచ్చి చూసి, చుక్కలేగా అని వెళ్ళిపోయాడు.

సంతోషం టీ తాగేదాకా ఉంది. తెలుగు కాలమ్‌కి ఫాంట్ మారుద్దామని పిల్ల అలవాటుగా మొత్తం సెలెక్ట్ చేసి తెలుగు ఫాంట్ కొట్టింది. నా జర్మన్ అంతా దీర్ఘాలూ ఒత్తులూ అయి కూర్చుంది. తలుపు అన్న మాట ఏ శాసనాల మీదా ఉండని లిపిలో కనబడింది. మళ్ళీ ఒక్కొక్క మాటకీ ఫాంట్ మార్చాం. ß దగ్గర పిల్ల B కొట్టేసింది. ఇది B కాదమ్మా, రెండు s లు అన్నాను. రెండు s లని ఇలా ఎవరు రాస్తారండి అమ్మమ్మగారూ అంది. జర్మన్ వాళ్ళని అడగాల్సిన మాట నన్నడిగితే ఏం చెప్పను?

మే 14.

మోకాళ్ళు. ఎండ. ఇవాళ ఏమీ రాయను.

మే 17. శనివారం. తెనాలి.

ప్రూఫ్ చూశాను. తప్పు లేదు. సంతకం పెట్టాను.

సిస్టర్ చేతిలోంచి నీళ్ళు ఒలుకుతాయని ప్లాస్టిక్ షీట్ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తున్నాను. ఆ పని వీరాస్వామిది. ట్రేసింగ్ కాగితం మీద తీసిన ప్రింట్‌ని అద్దం మీద పరిచి, దుమ్ము పడి వచ్చిన మచ్చలన్నీ బ్లేడుతో గీకి, అప్పుడు స్క్రీన్‌కి ఎక్కిస్తాడు. తన చేతిలోంచి మచ్చ ఉన్న శుభలేఖ పోలేదండి అని చెప్పుకున్నాడు. పెళ్ళిళ్ళ సంగతి తన పూచీ కాదట.

మే 21. బుధవారం.

చార్ట్ తెచ్చుకున్నాను. పేపర్లో చుట్టి ఇచ్చారు. ఇంకు పచ్చిగా ఉంది, రేపటిదాకా విప్పకండి అన్నాడు వీరాస్వామి. విప్పలేదు. మాట వినే వయసు ఇప్పుడొచ్చింది నాకు.

మే 22. గురువారం. రాత్రి, తెనాలి స్టేషన్‌లో, బాపట్ల బండి కోసం.

వరసగా రాస్తాను.

నేను వెళ్ళేసరికే డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. సెక్రటరీ పక్కనే, పెళ్ళికొడుకు బావమరిదిలా. సిస్టర్ మంచం మీద గోడకి చేరబడి ఉంది. నన్ను చూసి చెయ్యి చాపింది. రిబ్కా, నేనూ చార్ట్ విప్పి ఎదురుగా గోడకి కొట్టాం. కళ్ళజోడు తుడుచుకుంటున్నాను, ఇంకా చదవనేలేదు. డాక్టరుగారే పెన్నుతో ఒక వరస చూపించి, ఇక్కణ్ణుంచి మొదలుపెడదామా అన్నారు. తెలుగులో ఉక్కగా ఉందా అని ఉన్న వరస. చెమటలు కారిపోతున్నాయి కదా, న్యాయమైన ప్రశ్నే.

సిస్టర్ చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నవ్వింది. ఎలాంటి నవ్వని! మంచం ఊగింది. పళ్ళసెట్టు ఊడి ఒళ్ళో పడింది. కన్నీళ్ళు వచ్చాయి, రిబ్కా తుడుస్తుంటే దాని చెయ్యి తోసేసి మళ్ళీ ఆ మాట వైపు చూపించి నవ్వింది. చూశారా డాక్టరుగారూ, ఇదండి రోజూ మా అవస్థ అన్నాడు సెక్రటరీ. డాక్టరుగారు కాగితం తీసి ఏదో రాయడం మొదలుపెట్టారు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

చుక్కలు లేవు. ఒక్క మాట మీదా లేవు. i మీద ఉంది, j మీద ఉంది. ü, ö అన్నీ బోడిగుండ్లు. డాక్టరుగారూ ఆగండి, తప్పు ఈవిడలో లేదు, చార్ట్‌లో ఉంది అన్నాను. ప్రింట్ చేయించింది మీరేగా మేడమ్ అన్నాడు సెక్రటరీ. ఆ మాట ఎందుకు నవ్వు తెప్పించిందో చెప్పండి అన్నారు డాక్టరుగారు, మర్యాదగానే. కెమిస్ట్రీ జర్నల్స్‌లో చుక్కలు లేని ఆ మాట లేదు. ఆవిడ బతుకంతా నా నోటి మీద ఉంది, ఆ నోట్లో మాట లేదు.

అప్పుడు సిస్టర్ చెయ్యి చాపి డాక్టరుగారి చేతిలో పెన్ను లాక్కుంది. మంచం మీద నుంచి కాళ్ళు దింపింది. రిబ్కా ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. చార్ట్ దగ్గరకి వెళ్ళి పైనుంచి మొదలుపెట్టింది. ప్రతి చోటా రెండు చుక్కలు. అక్కర్లేని u ల జోలికి పోలేదు. చివరిదాకా పెట్టి, తలుపు అన్న మాట మీద వేలితో కొట్టి, డాక్టరుగారి వైపు చూసింది. రిబ్కా వెళ్ళి తలుపు బార్లా తీసింది.

పిచ్చివాళ్ళు ప్రూఫులు దిద్దరండి అన్నాను. డాక్టరుగారు తను రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంకో కాగితం అడిగారు. మూణ్ణెల్లకోసారి వచ్చి చూస్తాను, అంతవరకు ఎక్కడికీ పంపొద్దు, గడియ తీసెయ్యండి అని రాశారు. పెన్ను మాత్రం సిస్టర్ తిరిగి ఇవ్వలేదు.

బండి గంట లేటట. కానివ్వండి.

మే 23.

బిందుమాధవి నెట్ సెంటర్‌లో చూసి ఫోన్ చేసింది. చెప్పడానికి తెగ నసిగింది. చుక్కలుంటే ఉక్క. చుక్కలు తీసేస్తే మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళని మోటుగా అనే మాటట. అంటే మే నెల మిట్టమధ్యాహ్నం, గోడకి పెద్దక్షరాల్లో కొట్టి, నలుగురం చేరి ఆవిడని అడిగింది ఇది. నవ్వకేం చేస్తుంది. నేనూ ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. చాలా రోజులైంది.

మే 26. సోమవారం. తెనాలి.

తిడదామనే వెళ్ళాను. అప్పటికే నాజ్నీన్ తిడుతోంది. వీరాస్వామికి తన తప్పేంటో అర్థం కాలేదు. i కి, j కి చుక్కలు ఉంచానండి, మిగతావి దుమ్మని గీకేశాను, ఇంగ్లీషులో u కి చుక్కలేంటండి అన్నాడు. ఇంగ్లీషు కాదు, జర్మన్ అన్నాను. ఆ ముక్క ముందు చెప్పొద్దాండి, బ్లేడు విరిగేలా గీకాను అన్నాడు. ఇన్నిసార్లు తిరిగినా అతనికి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. మళ్ళీ కొట్టిస్తానన్నాడు రహమతుల్లా. వద్దన్నాను. ఓపిక లేదు. ఆవిడ చుక్కలు బాగానే ఉన్నాయి.

జూన్ 8. ఆదివారం. రేపల్లె.

గది తలుపు తీసే ఉంది. సిస్టర్ నన్ను గుర్తుపట్టలేదు. పెన్ను పట్టుకుని కూర్చుంది. తెలుగు కాలమ్ అంతటా చుక్కలు పెట్టింది. దాహం మీద, కాళ్ళ మీద, ఉక్క మీద.

తెలుగుకి కూడా ఉంటాయాండి అమ్మగారూ, రేపు సెక్రటరీగారు చూడ్డానికి వస్తారు అంది రిబ్కా.

ఉంటాయన్నాను.