రెండు చేతులా పట్టే రొట్టె

స్టెఫా, విన్నిపెగ్‌లో నేనూ మనవరాలూ కులాసా. పెళ్ళికి ఫోటోగ్రాఫర్ కుదిరింది. లరీసా వెళ్ళిన రెండుచోట్లా ఒక్కటే అడిగింది: “గుమ్మంలో మా అమ్మమ్మ రొట్టె, ఉప్పు పట్టుకుని మాకు ఎదురొస్తుంది. అప్పుడు మీరెక్కడ నిలబడతారు?”

మొదటాయన “నీకెదురుగానే! పెళ్ళికూతురివి నువ్వు కదమ్మా” అన్నాడు. మనిషి మంచివాడే, కాఫీ ఇచ్చాడు. ఆ కాఫీ సంగతి ఇంటికొచ్చి చెబుతాను. రెండో ఆవిడ “నీ వెనకాల. దీవించేవాళ్ళ మొహం కదా కావాలి” అంది. అక్కడికక్కడే ఖాయం చేసేసింది మన పిల్ల.

దారిలో అంది: “అమ్మ బతికుంటే రొట్టె తనే పట్టుకునేది తాతయ్యా. కెమెరా చూస్తే చాలు, చేతులడ్డం పెట్టుకునేది. ఏ ఫోటోలోనూ మొహం లేదు. అమ్మమ్మదైనా నాకుండాలి.”

నా నల్లకోటు ఎండలో వెయ్యి. కోళ్ళు జాగ్రత్త. మన కూతురికి ఆ అలవాటు నీ నుంచే వచ్చింది కనక, రొట్టె మాత్రం పెద్దది చెయ్యి, రెండు చేతులూ ఖాళీ లేనంత పెద్దది.

ముద్దులతో,
నీ డానిలో