సంతకానికి ముందు

మార్చి 1, శుక్రవారం

ఈస్టరు ముందటి తపస్సుకాలం, శుక్రవారాలు మాంసం ముట్టం. చర్చి హాల్లో చేపల భోజనం. ఓట్లడిగేవాళ్లు ఏప్రన్ కట్టుకుని వడ్డించాలి, మా ఊళ్లో అంతే. మా చెల్లెలు కొరీన్ ఈసారి రాష్ట్ర సెనేట్‌కు నిలబడింది.

గర్భస్రావానికి ముందు డాక్టరు అన్నీ విడమరిచి చెప్పాలి, ఇప్పుడున్న ఒక రోజు చాలదు, మూడు రోజులు ఆగాకే సంతకం, అంటోంది. చప్పట్లు కొట్టారు.

నర్సు రమోనా కొట్టలేదు. పళ్లెం చాచి, "నేను తీయించుకున్నప్పుడు నాకన్నీ ముందే తెలుసు కొరీన్. ఆగమన్నందుకు ఒమాహా క్లినిక్కుకు రెండుసార్లు కారు తోలాను, అంతే" అంది. కొరీన్ ఇంకో చేప ముక్క వేసింది.

మార్చి 8

లైన్లో ఎవరో కొత్త మనిషి. టోపీ తీయలేదు. "పంతొమ్మిదేళ్లప్పుడు నీకెవరు విడమరిచారు మేడమ్?" అన్నాడు కొరీన్‌తో. సాస్ ఇంకొంచెం వెయ్యమన్నాడు.

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసనుకున్నాను. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే.

మార్చి 10

ఫోను మోగుతోంది. ఎత్తితే మాట్లాడరు.

మార్చి 15, ఉదయం

జపమాల సగంలో ఉండగా కొరీన్ వచ్చింది. ఆదివారం పూజ జరుగుతుండగా కార్ల వైపర్ల కింద ఆ సంగతి అచ్చేసిన కాగితాలు పెడతారట. ప్రచారం చూసే గ్లెన్, అబద్ధమనెయ్, రుజువెక్కడుంది, అంటున్నాడట.

"నువ్వేమంటావక్కా?"

కాఫీ పోశాను. వాళ్లకంటే ముందు నువ్వే చెప్పు అన్నాను.

"మెర్ల్‌కే చెప్పలేదే ఇన్నేళ్లూ."

మొదట నీ మొగుడికి చెప్పు, తర్వాత ఊరికి, అన్నాను. కాఫీ తాగకుండానే వెళ్లింది.

అదే రోజు, సాయంత్రం

చెప్పింది. చేపల భోజనం దగ్గర, లాటరీ చీట్లు చదివే మైకులో. నాకెవరూ ఏమీ చెప్పలేదు, పెట్టమన్నచోట సంతకం పెట్టాను, ఇంకొకరికి అలా జరగకూడదు, అంది.

ఫోర్కులు ఆగిపోయాయి.

రమోనా ఒక్కతే లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "అయినా నా ఓటు నీకు రాదు" అంది. కొరీన్ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

మెర్ల్ కుర్చీ ఖాళీ.

మార్చి 17, ఆదివారం

కాగితాలు ఎలాగూ పెట్టారు. పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ కొరీన్ చెయ్యి చాచింది. ముందు వరుసవాళ్లు పాటల పుస్తకాలు తిరగేస్తున్నారు. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. చల్లగా ఉంది.

మెర్ల్ వాళ్లన్న ఇంట్లో ఉంటున్నాడు.

మార్చి 18

కొరీన్ ముంగిట తెల్ల చెక్క శిలువ. పుట్టకుండా పోయిన బిడ్డలకని చర్చి పచ్చికలో పాతే రకం. బెదిరింపు అనుకుని పీకబోయాను.

కిటికీ తెరిచింది. "ఉండనీ అక్కా. నేనే పాతాను."