దిగులును రెండుగా కోయరాదని

తిరుత్తణి,
1956 ఆగస్టు 16.

సెలవుల విచారణాధికారి గారి సముఖమునకు, బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయిని దేవకి, బి.ఏ., ఎల్.టి., వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా సహాయోపాధ్యాయిని శ్రీమతి చంద్రావతి రెండు పర్యాయములు సెలవు పెట్టినది ఒకే జబ్బుకని, రెండు జబ్బులకు కాదని మనవి.

1. చంద్రావతి మా బడిలో మూడవ తరగతికి లెక్కలు చెప్పును. కాపురము తిరువళ్ళూరులో. ప్రతిదినము అరక్కోణములో బండి మారి వచ్చును. గత జనవరిలో ఆ ప్లాట్‌ఫారము మీద ఆమెకు గుండెదడ పట్టుకొన్నది. ఊపిరి అందలేదు. చేతులు వణికినవి. ఎదుట నిలిచిన బండి ఎక్కలేక పోనిచ్చినది. మరునాడును అంతే. తిరువళ్ళూరు డాక్టరు గారు పరీక్షించి 'భయము' అని ఇంగ్లీషున వ్రాసియిచ్చినారు. సెలవు మంజూరైనది.

2. జూన్‌లో బడి తెరిచినప్పుడు, బండి ఎక్కే పని లేకుండా ఆమె ఇక్కడే పినతల్లి ఇంట దిగినది. పది దినములు పాఠం చెప్పినది. తరువాత తల దువ్వుకోవడం మానినది, అన్నం మానినది, గోడవైపు తిరిగి పడుకొన్నది. ఇక్కడి డాక్టరు గారు వచ్చి చూసి 'దుఃఖము' అని వ్రాసినారు.

3. దానిమీదట తమ కచ్చేరీనుండి వచ్చిన తాఖీదులోని మాటలివి: "భయపడువారికి ప్రాణముపై తీపి యుండును. దుఃఖించువారికి విరక్తి యుండును. ఒకే మనిషికి రెండును అసంభవము గనుక ఒక సర్టిఫికెట్టు అబద్ధము. ఏది అబద్ధమో సోమవారము హాజరై ఒప్పుకొన్నచో హెచ్చరికతో విడువబడును. లేనియెడల ఉద్యోగమునుండి తొలగింపబడును."

మద్రాసులో బి.ఏ.కు తర్కం చదివినదానిని. ఈ వాక్యం తర్కానికి నిలుస్తుందని ఒప్పుకొంటాను. మనిషికే నిలవదు. తీపీ విరక్తీ ఒకే పూట, ఒకే కంచం ముందర కలగడమే, అయ్యా, ఆ జబ్బు.

4. డాక్టర్లతో ఏమని చెప్పినావని చంద్రావతిని అడిగినాను. గోడనుంచి మొహం తిప్పకుండానే జవాబిచ్చినది. "రెండు తూర్లూ దిగులనే చెప్పినానక్కా. ఇంకేం చెప్పేది?"

తిరువళ్ళూరు డాక్టరు గారు తమిళులు. వారి చెవికి అది 'తిగిల్' అని పడినది, అనగా ఒళ్ళు జలదరించే భయం. ఇక్కడి డాక్టరు గారు కృష్ణా జిల్లావారు. వారి వైపు దిగులంటే మనోవ్యథ. ఇద్దరూ అబద్ధం వ్రాయలేదు. ఇద్దరూ సగం విన్నారు. మా వైపు పిల్లవాడు కుక్కను చూసి జడుసుకొంటే దిగులే; మంత్రం వేయించి దారం కడతారు. పోయిన బిడ్డను తలచుకొని తల్లి అన్నం మానితే అదీ దిగులే. వేరే మాట లేక ఒక్కదానితో సరిపెట్టుకొన్నారని నేను ఇంతకాలం అనుకొన్నాను. ఇప్పుడు అనుమానంగా ఉన్నది. రెండూ ఒకటేనని చూసి పెట్టిన పేరేమో.

ఆమె మరొకమాట కూడా అన్నది. "రేపేమవుతాదో అని ఏసి తిప్పితే దడ. అయిపోయిందాన్ని ఏసి తిప్పితే ఏడుపు. ఇసుర్రాయి ఒకటేనక్కా. నిలపను చేతగాలా."

నేను వైద్యురాలిని కాను. ఈ మాటను శాస్త్రమని తమ ముందు పెట్టే ధైర్యమూ లేదు. అయితే రెండుసార్లూ ముందుగా పోయినది నిద్రే. రెండుసార్లూ ఆమె చేయని తప్పుకు పిల్లలను క్షమించమన్నది. వేరు వేరు జబ్బులైతే ఇంత పొందిక ఎందుకో తమ కచ్చేరీవారు చెప్పాలి.

5. ఇటువంటి జబ్బు లోకంలో ఎక్కడా లేదని తమ గుమాస్తా రత్నస్వామి గారు సెలవిచ్చినారు. నేను ఊళ్ళో విచారించినాను. బిడ్డలను బడికి దిగబెట్ట వచ్చే తల్లులనూ, మా ఉపాధ్యాయినులనూ అడిగినాను. ఆ మాట ఎరగని ఇల్లు నాకు కనబడలేదు. కోడలిని చూడ తిరువళ్ళూరునుంచి వచ్చిన చంద్రావతి అత్తగారు గోవిందమ్మ గారైతే నన్నే నిలదీసినారు. "మాకు మాత్రం ల్యాకుండెనా దిగులు? మాకెవురిచ్చినారమ్మా లీవు? మాకు దిగులొచ్చిందని ఎనుము తన పాలు తానే పిండుకోనుండెనా?"

కనుక జబ్బు అందరికీ ఉన్నది. సెలవు అడిగినది ఒక్కతే. ఆమె నేరం అదే.

మరునాడు అదే రత్నస్వామి గారు మా బడి గేటు దగ్గర సైకిలు దిగి, ఆ తిరువళ్ళూరు డాక్టరు ఏ పూట ఉంటారని మెల్లగా అడిగినారు. ఇంట్లోవాళ్ళకట. ఈ సంగతి తాము ఆయనను అడగవద్దు.

6. ఈ ఊరు ఆంధ్రదా మద్రాసుదా అని మూడేళ్ళుగా తేల్చలేనివారు, ఒక ఆడమనిషి మనసులోనిది భయమా దుఃఖమా అని సోమవారంలోపల తేల్చమనడం న్యాయమా? ఊరునూ రెండు జాబితాల్లో ఏదో ఒకదానిలో వేయాలంటారు. మనసునూ అంతే. తెలుగూ తమిళమూ రెండు మాటలూ మాట్లాడే మాబోటివాళ్ళం ఏ జాబితాలోనూ సరిగ్గా ఇమడం.

ఆ ఉద్యోగమొక్కటే చంద్రావతిని గోడవైపునుంచి ఇటు తిప్పగలది. అది కూడా పోతే ఆమె తిరిగినది తిరిగినట్లే ఉండిపోతుంది. కనుక రెండు సర్టిఫికెట్లలోని ఆ రెండు మాటలూ కొట్టివేయించి, 'దిగులు' అని ఆమె చెప్పినమాటే వ్రాయించి, ఆమెను పనిలో ఉండనివ్వవలెనని వేడుకొనుచున్నాను. ఒక్కమాటను ఒక్కమాటగానే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవకి.

తా.క. కవరు అంటించబోతుండగా చంద్రావతి వచ్చినది. పినతల్లి చేయి పట్టుకొని నడిచి వచ్చినది. "ఏది అబద్ధమంటే ఉద్యోగం ఉంటాదో అది చెప్పక్కా, అదే చెప్తాను" అన్నది. తర్కం చదివినదానిని, గడిచిన సెలవుకన్న నడుస్తున్న సెలవు ముఖ్యమని లెక్క వేసినాను. ఈ అర్జీ తాము త్రోసిపుచ్చేటట్లయితే భయమే అబద్ధమని చెప్పమన్నాను. సోమవారం తమ ఎదుట నిలబడి, తనకు ఎన్నడూ భయం లేదని ఆమె చెప్తుంది. చెప్పేటప్పుడు చేతులు వణుకుతాయి. ఆ కాసేపు తాము కిటికీవైపు చూడండి.