మా అమ్మ ఉబ్బసం

నవంబరు 2006, ఉమ్ అల్ క్వైన్

బేకరీలో నాకు ఆయాసం మొదలైనప్పుడు, మా అమ్మకు ఉబ్బసం ఉండేదని మా ముదీర్, అంటే మేనేజరు, రావుగారికి నిజమే చెప్పాను. అప్పటినుంచి ఆయనది ఒకటే మాట: "అది నీ రక్తంలో ఉంది పెద్దాయనా, మన పిండిలో లేదు." తల్లి నుంచి వచ్చేది ముప్పు మాత్రమే, రోజూ పీల్చే పిండికి ఒళ్లు ఎదురుతిరిగితేనే జబ్బు అని పుస్తకాల్లో చదివి చెబితే నవ్వాడు. సెలవులో నెల్లూరు వెళితే ఆయాసం ఉండదన్నా నమ్మలేదు.

ఈరోజు రావుగారి బావమరిదికి పిల్లికూతలు మొదలయ్యాయి. అతనూ నాతోపాటే పిండి కలుపుతాడు.

"మీ అత్తగారి వైపు ఎవరికైనా ఉబ్బసం ఉందా రావుగారూ?" అని అడిగాను.

"ఎవరికీ లేదయ్యా. వాడికి పిండి పడలేదు," అన్నాడు.

ఆ మాట కోసమే ఇన్నేళ్లు ఆగాను.

బావమరిదిని ప్యాకింగ్‌కు మార్చారు. రేపటినుంచి అతని వంతు పిండి కూడా నేనే కలపాలి.