వేబెన్ అనే మాట

జనవరి 8

అమీర్‌పేట జర్మన్ క్లాస్‌లో ఈరోజు హనుమత్ప్రసాద్ సార్ బోర్డు మీద ఒక మాట రాశారు. వేబెన్. నేయడం. దాని కిందే గెవేబె. బట్ట అని ఒక అర్థం, ఒంట్లోని టిష్యూ అని ఇంకో అర్థం! సిరిసిల్ల నేతవాళ్ల పిల్లను నేను. పంజాగుట్ట హాస్పిటల్‌లో రోజూ గాయాలకు డ్రెస్సింగ్ చేస్తాను. నా రెండు బతుకులూ ఒకే మాటలో ఉన్నాయి.

జనవరి 9, ఉదయం

లేచిన దగ్గర్నుంచీ ఫోన్‌లో అదే వెతుకులాట. ఇంగ్లిష్ వీవ్, వెబ్, జర్మన్ వేబెన్, అన్నీ ఒక తల్లి పిల్లలేనట. రెండు వేల ఏళ్ల కిందటి తల్లి. వెబనఁ. చివర మన అరసున్నలాగే ముక్కుతో పలకాలి. ఆ మాట ఎక్కడా రాసి దొరకలేదు. పిల్లల పోలికలు పట్టి తల్లి ముఖం ఊహించారు పండితులు. ఊహ కాబట్టి ముందు స్టార్ గుర్తు పెడతారు.

ఇంకా పైకి పోతే సంస్కృతంలో ఊర్ణవాభి, అంటే మన ఊర్ణనాభం కూడా ఆ వంశమేనంటారు. సాలెపురుగు! దానికి తెలుగులో మా సాలెల పేరే. ఆ ఆనందంలో స్టవ్ మీద టీ పొంగిపోయినా చూసుకోలేదు.

జనవరి 11

నాన్నకు చెప్పాను. మగ్గం వదిలేసి వచ్చాక ఆయన అమీర్‌పేటలో ప్యాంట్లు ఆల్టర్ చేస్తున్నాడు. తలెత్తకుండా విన్నాడు.

"నేత ఇడిసిపెట్టి మేము ఈడికొస్తిమి. గదే మాట పట్టుకొని నువ్వు జర్మనీ పోతవా?"

నేను వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు.

జనవరి 19

ఎల్లుండే జర్మనీ హాస్పిటల్‌ వాళ్లతో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. సెల్ఫ్ ఇంట్రో బట్టీ పట్టమన్నారు సార్. ఈ పాత మాటల పిచ్చి ఇప్పుడు వద్దన్నారు.

జనవరి 21, మధ్యాహ్నం

అయిపోయింది!

వీడియోలో తెల్లజుట్టు హెడ్ నర్స్. బట్టీ పట్టిందంతా రెండో వాక్యానికే మర్చిపోయాను. ఆవిడ, మీ ఇంట్లో వాళ్లు ఏం పని చేస్తారని అడిగింది. నేసేవాళ్లం అన్నాను. ఇక ఆగలేదు. నాన్న బట్ట నేశాడు, నేను గాయంలో గెవేబె కలిసేలా చూస్తాను, తొందరపడి లాగితే రెండూ తెగుతాయి అన్నాను. గ్రామర్ అంతా తప్పే. ఊర్ణనాభం కూడా చెప్పేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ఆ మాట మళ్లీ చెప్పమంది.

జనవరి 30

సెలెక్టెడ్. గాయాల వార్డు. మెట్రో మెట్ల మీద మెయిల్ చదివి అక్కడే నిలబడిపోయాను, వెనక జనం తోస్తున్నా.

అమ్మ ఏడ్చింది, నవ్వింది. నాన్న మిషన్ ఆపలేదు. కుడుతూనే, "ఆడ చలి మస్తుంటదంట" అన్నాడు.

ఫిబ్రవరి 2

నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తనలో తనే అనుకుంటున్నాడు: "వేబెన్. వేబెన్."